నూరు దాటిన నీళ్లు

నమోదు 1

నా పేరు మందాకిని. ఆకాశగంగ అని అర్థం. నిన్న నేను స్నానానికి వాడిన నీళ్లు ఒకటిన్నర లీటరు.

ఉద్యోగం: చిత్రావతి నగర జలదక్షతా కార్యాలయంలో శిక్షణలో ఉన్న కొలతాధికారిణి. నగరం అన్నది మర్యాదకు. ఉన్నది ఒక సొరంగం, అందులో ఆరు వరసల ఇళ్లు, ఒక చివర చౌకు, ఇంకో చివర గేటు. గేటు అవతల గంధం రంగు దుమ్ము. ఆ దుమ్ము కింద మంచు. మా ముత్తాతలు అనంతపురం వైపు నుంచి వచ్చారు. ఈ గ్రహానికి మనుషుల్ని ఎంచేటప్పుడు నీళ్లు లేకుండా బతికిన అనుభవం ఉందా అని అడిగారట. మావాళ్లు నవ్వారట. వెంటనే తీసుకున్నారట. వదిలి వచ్చిన ఏటి పేరే ఊరికి పెట్టుకున్నారు. ఆ ఏట్లో కూడా ఏడాదిలో ఎక్కువకాలం ఇసుకే ఉండేదట కనుక పేరు చక్కగా అతికింది.

శిక్షణలో ఉన్నవాళ్లు ఇలా నమోదు రాసి పెట్టాలి. “నమోదునందు హాస్యము కూడదు” అని మార్గదర్శిక మొదటి పేజీలోనే ఉంది. కాబట్టి చదివేవారు ఎక్కడైనా నవ్వితే ఆ బాధ్యత వారిదే.

పని ఇది. ప్రతి ఇంటికీ రెండు మీటర్లు. కొళాయి దగ్గరది లోపలికి ఎన్ని నీళ్లు పోయాయో చెబుతుంది. మురుగు గొట్టం దగ్గరది ఎన్ని తిరిగి వచ్చాయో చెబుతుంది. తిరిగి వచ్చినవి శుభ్రపడి మళ్లీ కొళాయిల్లోకి ఎక్కుతాయి. నూరు తీసుకుని తొంభై తిరిగిచ్చిన ఇంటి దక్షత తొంభై. గుమ్మం మీద పచ్చదీపం. ఎనభైకి తగ్గితే పసుపు, అరవైకి తగ్గితే ఎరుపు. వరసగా మూడు లెక్కింపుల్లో ఎర్రదీపం వెలిగిందా, ఈ ఏడాది నుంచి కొళాయికి సీలు. ఆపైన మనిషికి రోజుకు నాలుగు లీటర్లు, చౌకు దాకా వెళ్లి క్యానులో పట్టుకోవాలి.

ఈ దీపాల వల్ల మా నాగరికత చాలా ఎత్తుకు ఎదిగింది. బడికి పోయే పిల్లకు ఏ తల్లి అయినా చెప్పే మొదటి నీతి, “బళ్లో ఒంటికి పోవద్దు, ఇంటికి పట్టుకొని రా.” పెళ్లికి పోయినా, పేకాటకు పోయినా అంతే. పెద్దమనిషి అన్నవాడు పరాయి ఇంట్లో మరుగుదొడ్డి అడగడు. అడిగితే వీడికి ఇల్లూ వాకిలీ లేవా అన్నట్టు చూస్తారు. మా మామ ఒకాయన అల్లుడి ఇంట్లో భోజనం చేసి, సొంత ఇంటిదాకా పరుగెత్తి, పరుగులో చీలమండ బెణికించుకున్నాడు. మా కుటుంబంలో ఆయనకు ఇప్పటికీ ఎంతో గౌరవం.

ఇవాళ మా ప్రధానాధికారి ఓబుళపతి గారు నన్ను పిలిచారు. ఆయన ఇంటి గుమ్మం మీద పచ్చదీపంతోపాటు ‘ఆదర్శ గృహము’ అని ఇత్తడి పలక కూడా ఉంటుంది. మనిషి మాట్లాడినా ఆ పలకే మాట్లాడినట్టు ఉంటుంది.

“అమ్మాయీ, గేటు పక్క ఇల్లు. సుంకులమ్మ. ఏళ్లుగా ఎరుపే. సీలు రూలు వచ్చాక రెండు లెక్కింపులు దాటాయి. దక్షత ముప్పై ఎనిమిది.”

“ముప్పై ఎనిమిదా సార్? చేతిలో కుండ పగిలినా నలభై వస్తుంది కదా!”

“పరిహాసమాడకు. ఇది మూడో లెక్కింపు. ఎక్కడ వృథా అవుతున్నదో కనిపెట్టు. లేదంటే లెక్కింపు చివరి పూట సీలు నువ్వే వేయాలి.”

సీలు నా చేతికి ఇచ్చారు. సీసంతో చేసిన చిన్న బిళ్ల. చూడ్డానికి ముద్దుగా ఉంది. అదే దాని దుర్మార్గం.

నమోదు 2

సుంకులమ్మ పని సూట్లకు మాట్లు వేయడం. మంచు తవ్వే వాళ్ల సూట్లు మోకాళ్ల దగ్గర, చంకల దగ్గర చిరుగుతాయి. గేటు దాటి లోపలికి రాగానే మొదట తగిలేది ఆమె గుమ్మమే. గది నిండా తలల్లేని జనంలా సూట్లు వేలాడుతున్నాయి. వాటి మధ్య తల ఉన్న ఏకైక శాల్తీ ఆమె. యాభై దాటిన మనిషి. నోట్లో దారం, చేతిలో సూది.

“రా పాపా, కూసో. నీళ్లు తాగు.”

“పెద్దమ్మా, నేను తనిఖీకి వచ్చాను. తనిఖీ సమయంలో ఏమీ పుచ్చుకోకూడదని రూలు.”

“తనికీ నిలబడి చేస్తావా, కూసోని చేస్తావా?”

“కూర్చొనైనా చేయొచ్చు.”

“అయితే కూసో. కూసున్నోళ్లు తాగల్ల.”

ఈ తర్కంలో లోపం ఎక్కడుందో నేను వెతికేలోపు గ్లాసు చేతిలో ఉంది. రాగి అంబలి. ఉప్పు, కాస్త మజ్జిగ, పైన రెండు ఉల్లి ముక్కలు. ప్రభుత్వం తరఫున తాగాను. బాగుంది.

తర్వాత తనిఖీ. నేల మీద పాకాను. గోడలకు చెవి ఆనించాను. సూట్లు నీళ్లతో కడుగుతోందేమోనని అడిగితే బ్రష్షు చూపించింది. రహస్యంగా వంకాయ మొక్క పెంచుతోందేమోనని మంచం కింద చూశాను. రెండు పాత చెప్పులు ఉన్నాయి, అవీ పొడిగానే ఉన్నాయి. ఆమె పాత్ర కడిగే తీరు చూస్తే నాకే సిగ్గేసింది. దోసెడు నీళ్లతో నాలుగు గిన్నెలు తేలిపోయాయి.

“మరి నీళ్లు ఎక్కడికి పోతున్నాయి పెద్దమ్మా?”

“నన్నడుగుతావేంది? సదివినదానివి నువ్వు. నేనేమన్నా నీళ్లు మింగే బూతమా?”

“సీలు వేయమన్నారు.”

ఆమె సూది ఆపింది. నా చేతిలో సీసం బిళ్లను చూసింది. దారం కొరికి ఉమ్మింది.

“ఎయ్యి. నాకొక్కదానికి నాలుగు లీటర్లు సాలు పాపా. దుమ్ములోనుంచి వచ్చేటోళ్లకు ఏమియ్యాల? సూట్లో నీళ్లయిపోయి, నాలిక అంగిట్లో అతుక్కొని వస్తారు. మా తమ్ముడు చౌకు దాకా నడ్సలేక ఈ గడప కాన్నే పడిపోయినాడు ఒకసారి.”

“అయ్యో! పోయాడా?”

“యాడికి పోతాడు! నాలుగో వరసలో ఉండాడు, అప్పు అడిగేదానికి మాత్రం వస్తాడు. ఆ పొద్దు పెట్టినా ఈ బిందె. మళ్లా తియ్యలే. గేటు గాజులోంచి బయటికి కనపడేది నా దీపమొకటే. ఎర్రగా కనపడిందంటే నీళ్లకు వచ్చేసినామని తవ్వేటోళ్లు అనుకుంటారంట.”

గుమ్మం పక్క పెద్ద బిందె, దాని మీద బోర్లించిన గ్లాసులు. నేను వాటిని చూశాను, చూసి వదిలేశాను. ఎందుకంటే మా శాస్త్రంలో మొదటి పాఠమే అది: తాగిన నీళ్లు ఎక్కడికీ పోవు, తిరిగి గొట్టంలోకే వస్తాయి. కాబట్టి ఆ బిందె నిర్దోషి అని తేల్చేశాను. చదువు మనిషికి ఇచ్చే ధైర్యం అలాంటిది.

నమోదు 3

మురుగు గొట్టాలు చూసే జిలాన్‌ను వెంటబెట్టుకుని సుంకులమ్మ ఇంటికి మళ్లీ వెళ్లాను. జిలాన్‌కు గొట్టాల మీద ప్రేమ, మీటర్ల మీద అనుమానం, మా కార్యాలయం మీద జాలి.

“మీటరే దొంగేమో జిలాన్.”

“మేడం, మీ ఆఫీసులో దొంగలుంటే మనుషులుంటారు గానీ మీటర్లుండవు.”

మరుగుదొడ్లో బకెట్టు నీళ్లు కొలిచి పోశాం. అవతల మీటరు సరిగ్గా బకెట్టే చూపించింది. మళ్లీ పోశాం, మళ్లీ బకెట్టే. మీటరు బంగారం. గొట్టం బంగారం. అంటే నీళ్లు ఇంట్లోకి వస్తున్నాయి, ఇంట్లోంచి గొట్టంలోకి రావడం లేదు. మధ్యలో మాయం.

ఈ విషయం నన్ను పట్టుకుంది. పళ్ల మధ్య ఇరుక్కున్న చింతపిక్క పొట్టులాగా. ఆఫీసుకు వచ్చి ఊరి మొత్తం అంకెలు ముందేసుకున్నాను. ఊరికి ఎన్ని నీళ్లు ఎక్కించాం, ఊరి నుంచి ఎన్ని వచ్చాయి అని పెద్ద మీటరు చూస్తే నూటికి తొంభై నాలుగు తిరిగొచ్చాయి. పోయింది ఆరు. అదే ఇళ్ల లెక్కలన్నీ కూడితే పోయింది పదమూడు. ఇళ్లల్లో పదమూడు పోతే ఊళ్లో ఆరే ఎలా పోతాయి? మిగిలిన ఏడూ దారిలో బుద్ధి తెచ్చుకుని వెనక్కి వచ్చాయా?

అప్పుడు నూరు మార్కులవాళ్లను చూశాను. ఊళ్లో సగం ఇళ్లకు సరిగ్గా నూరు. తొంభై తొమ్మిది కాదు, నూరు. మనిషన్నవాడు ఉన్న ఇంట్లో కూరలో కాస్త ఆవిరైనా పోదా? ఓబుళపతి గారి ఇంటి మీటరు దగ్గరికి వెళ్లి నేనే చదివాను. నూట ఎనిమిది.

“సార్, మీ ఇల్లు నూరు తీసుకుని నూట ఎనిమిది తిరిగి ఇస్తోంది.”

“నూరు దాటదు. నూరు అని రాయి.”

“కానీ మీటరు...”

“నూరు దాటడం ప్రకృతి విరుద్ధం. దాటితే అది మీటరు దోషం. నూరుగా నమోదు చేయవలెనని నిబంధన.”

“దాటినప్పుడు మీటరు దోషం అయితే, తగ్గినప్పుడు మాత్రం మనిషి దోషమా సార్?”

ఆయన కళ్లజోడు తీసి తుడుచుకున్నారు. పొడిబట్టతో, ఆదర్శంగా.

“నీకు పట్టా ఎవరిచ్చారమ్మాయీ?”

“మీరే సార్. ఫొటో కూడా ఉంది.”

నమోదు 4

ఇవాళ పొద్దుటి నుంచి సుంకులమ్మ ఇంట్లోనే కూర్చున్నాను. నీళ్లు మాయమయ్యేది నా కళ్లముందే మాయం కావాలని పంతం. ఆమె నాకు ఒక సూటు ఇచ్చి కాజాలు కుట్టమంది. చదువుకు తగిన పని దొరికింది.

మధ్యాహ్నం దాకా ఏమీ జరగలేదు. ఆ తర్వాత గేటు తెరుచుకుంది. తవ్వేవాళ్ల జట్టు లోపలికి పడింది. ముఖాలు గంధం పూసిన పెళ్లికొడుకుల్లా ఉన్నాయి, నడక మాత్రం పెళ్లి అయిపోయినవాళ్లది.

“అక్కా, నీళ్లు!”

“తాగండప్పా తాగండి. రేయ్, ఆ సూటు అట్ల యిసిరేస్తావేంది, మీ యబ్బ కుట్టినాడా?”

రెండు గ్లాసులు, మూడు గ్లాసులు, ఒకడు ఏకంగా చెంబే ఎత్తాడు. జట్టు పోయింది. మాట్లు వేయించుకునేవాళ్లు వచ్చారు. కూర్చున్నవాళ్లు తాగాలి కదా, తాగారు. ఊరికే మాటలకు వచ్చినవాళ్లూ తాగారు. బిందె రెండుసార్లు నిండింది. నాకూ అంబలి మూడు గ్లాసులు పోసింది. ఆ మూడో గ్లాసుకు ఈ పరిశోధన ఎంతో రుణపడి ఉంది.

ఎందుకంటే ఇంటికి వచ్చే దారిలో మూడో వరస దగ్గర నాకు ఒక శాస్త్రీయ అవసరం కలిగింది. నాలుగో వరస దగ్గర అది అత్యవసరమైంది. దారిలో అరడజను ఇళ్లున్నాయి, అన్నిట్లో తెలిసినవాళ్లే ఉన్నారు. ఒక్క గుమ్మం దగ్గరా ఆగలేదు. ఇంటికి పట్టుకొని రా అన్న అమ్మ మాట చెవిలో మోగుతుండగా, మామ పరుగెత్తిన దారినే పరుగెత్తి, మా సొంత మరుగుదొడ్లో పడ్డాను. బయట మా ఇంటి మీటరు టిక్కు టిక్కుమంది. లోపల కూర్చుని ఆ చప్పుడు వింటున్నాను.

సుంకులమ్మ నీళ్లు. మా ఇంటి మీటరు.

ఆలోచన వచ్చినప్పుడు మనిషి వీధిలోకి పరుగెత్తాలని అంటారు. నేను చేతులు కడుక్కుని పరుగెత్తాను.

ఊరంతా ఆమె ఇంట్లో తాగుతుంది. ఊరంతా ఒంటికి మాత్రం ఇంటికి పట్టుకుపోతుంది. ఆమె కొళాయి తిరుగుతుంది, మా గొట్టాలు తిరుగుతాయి. మా నూట ఎనిమిదిలో ఎనిమిది ఆమెవి. ఆ ఎనిమిదినీ మా ఆఫీసు కొట్టేస్తుంది. కొట్టేసి, పోయినవి సుంకులమ్మ పారబోసిందని రాస్తుంది. ఒక్క చుక్క ఎక్కడా పోలేదు. మేం కొలిచే గీత మాత్రం ఆమె గడప దగ్గర గీశాం.

నమోదు 5

ఓబుళపతి గారు అంతా విన్నారు.

“ఊహ.”

“సార్, నా ఒంట్లో జరిగింది!”

“ఒక్కదాని ఒంట్లో జరిగింది సాక్ష్యం కాదు. పైగా ఊరివాళ్లు అంతగా ఎందుకు తాగుతారు? నేనైతే పరాయి ఇంట పచ్చి మంచినీళ్లు ముట్టను.”

సాక్ష్యం కావాలి. సుంకులమ్మ నీళ్లకు పేరు రాసి పంపాలి. రంగు వేస్తే? రంగు అన్నది ఒంట్లోంచి చెక్కుచెదరకుండా బయటికి రావాలి. అప్పుడు గుర్తొచ్చింది, మా అమ్మ బీట్‌రూట్ వండిన మర్నాడు మా ఇంట్లో చిన్నప్పుడు రేగిన గొడవ. అందరికీ రాదు, పదిమందిలో ఒకరికో ఇద్దరికో మూత్రం గులాబీ రంగులో వస్తుంది. ఊరంతా తాగితే అలాంటివాళ్లు ఒకరిద్దరైనా ప్రతి వరసలోనూ ఉంటారు.

“నా అంబట్లో బీట్‌రూటా?” సుంకులమ్మ చెవులు మూసుకుంది. “పాపం తగుల్తాది పాపా.”

“పెద్దమ్మా, లేకపోతే సీలు తగులుతుంది.”

“రాగికీ దానికీ యాడన్నా సంబందముందా? నా పేరు సెడిపోతాది.”

“దాచొద్దు. ఇది బీట్‌రూట్ అంబలి అని చెప్పే పోయి. ఇష్టమైనవాళ్లే తాగుతారు.”

ఆమె తురిమిన బీట్‌రూట్ ఒక చిటికెడు నోట్లో వేసుకుంది. నమిలింది. కళ్లు పైకెత్తి ఏదో లెక్క వేసింది.

“కొంచెం జిలకర పడాల,” అంది.

సాయంత్రం జట్టు వచ్చి బిందె చూసింది. “ఏందక్కా, పెండ్లి పెట్టుకున్నావా?” అన్నాడొకడు. “మూసుకొని తాగు, బీట్‌రూటు,” అంది ఆమె. తాగారు. ఇంకా కావాలన్నారు. కొత్త రంగు అంబలి సంగతి పాకి ఆరో వరస నుంచి కూడా వచ్చారు. బీట్‌రూట్ అని అందరికీ తెలుసు. రేపు ఏమవుతుందో మాత్రం ఎవరూ అడగలేదు, ఆమెకు తెలియదు, నేను చెప్పలేదు. మార్గదర్శికలో అడగనిది చెప్పవలెనని లేదు.

నేను కాజాలు కుట్టింది చాలని ఇంటికి వచ్చేశాను. ఆ తర్వాత ఎవరెవరు వచ్చారో చూడలేదు. చూసి ఉంటే రేపటి సరదా సగం పోయేది.

నమోదు 6

తెల్లవారేసరికి దవాఖానా ముందు జనం. ఒక్కొక్కరు ఒక్కో సీసా పట్టుకుని, పక్కవాడికి కనిపించకుండా దాచుకుని, ఎవరి చావు వాళ్లు చస్తున్నట్టు నిలబడ్డారు. డాక్టర్ ఫిలోమినా మొదటి సీసా చూసి కంగారు పడింది, ఐదోది చూసి ఆలోచించింది, తొమ్మిదోది చూసి, “నిన్న ఏం తిన్నారయ్యా అందరూ?” అని కేకేసింది.

ఈలోగా జిలాన్ ఒక్కో వరస గొట్టానికీ ఉన్న గాజు కిటికీలోంచి టార్చి వేసి చూస్తున్నాడు. చూసి రొప్పుతూ ఆఫీసుకు వచ్చాడు.

“మేడం! రెండో వరస గులాబీ. మూడు గులాబీ. నాలుగు కొంచెం. ఐదు మంచి గులాబీ. ఆరు చూస్తే గులాల్ చల్లినట్టుంది. గేటు పక్క సుంకులమ్మ ఇంటి గొట్టం ఒక్కటి తెల్లగా ఉంది.”

“ఆమె తాగలేదా?”

“రాగిలో బీట్‌రూటు ఎవరు తాగుతారని పచ్చి మంచినీళ్లు తాగిందంట.”

“మొదటి వరస?”

జిలాన్ టోపీ తీశాడు. మొదటి వరసలో ఉండేది అధికారులు.

“అన్నిటికన్నా చిక్కటి గులాబీ అదే. ఆదర్శ గృహం మేడం.”

మాట పూర్తయ్యేలోపే ఓబుళపతి గారు లోపలికి వచ్చారు. జుట్టు దువ్వుకోలేదు. కుర్చీలో కూర్చోలేదు, కుర్చీనే ఆయన్ను పట్టుకుంది. తాళాల గుత్తి నా ముందు పెట్టారు.

“అమ్మాయీ, ఇక నువ్వే చూసుకోవాలి.”

“ఏమైంది సార్?”

“మనిషి జన్మ నీటి బుడగ. ఇవాళ పొద్దున నాకు... రక్తం.” తాళాల గుత్తిని ఇంకాస్త నావైపు జరిపారు. “నీ పట్ల కఠినంగా ఉన్నాను. ఆ పలక మాత్రం మా మనవరాలికి ఇవ్వు.”

నేను గంభీరంగా ఉండడానికి పడిన కష్టం ఈ నమోదులో ఎక్కడా కొలవలేను.

“సార్, నిన్న సాయంత్రం మీరు సుంకులమ్మ ఇంటికి వెళ్లారా?”

“సూటు మోకాలు చిరిగింది. మాటు వేయించుకోవడానికి.”

“ఏమైనా తాగారా?”

జిలాన్ పైకప్పు చూశాడు.

“కూర్చున్నవాళ్లు తాగాలని ఆవిడ అన్నది,” అన్నారు ఓబుళపతి గారు. “ఒక గ్లాసు.”

“ఒక్కటేనా?”

“జీలకర్ర వేసింది అమ్మాయీ.” తలవంచుకున్నారు. “నాలుగు.”

“సార్, మీరు నిండు నూరేళ్లు బతుకుతారు. నూట ఎనిమిదేళ్లు బతికినా నేను నూట ఎనిమిదనే రాస్తాను.”

ఆయనకు అర్థం కావడానికి కాస్త సమయం పట్టింది. ముందు బతికానన్న సంతోషం ముఖంలోకి వచ్చింది. దాని వెనకే బీట్‌రూట్ రంగు కూడా వచ్చింది. తర్వాత ఆయన నన్ను తిట్టకుండా చేసిన పని ఒకటుంది. లేచి, కొట్టేసిన అంకెలన్నీ మీటర్ల నుంచి మళ్లీ చదవమని జిలాన్‌ను పంపి, తానే కూడారు. ఇళ్లల్లో పోయింది ఆరు. ఊళ్లో పోయింది ఆరు. ఏడూ దొరికాయి.

ఆ ఆరు కింద రెండు గీతలు గీశారు.

“ఎన్నేళ్లుగా సార్?” అన్నాను.

“దీపాలు పెట్టినప్పటి నుంచీ,” అన్నారు.

నమోదు 7

మంచి వార్త: ఓబుళపతి గారు నమ్మారు. చెడ్డ వార్త: నిబంధనలు ఎవరినీ నమ్మవు.

“రూలు మార్చాలంటే నగర సభ కూడాలి. సభ కూడేది ఈ లెక్కింపు అయ్యాకే. ఈ లెక్కింపు మాత్రం పాత రూలు మీదే. ఎరుపు అంటే సీలు.”

“సీలు వేశాక మీ సభ తీస్తుందా?”

“సీలు తీయడానికి వేరే నిబంధన ఉంది. దానికి రెండేళ్లు.”

“మంచి నిబంధన సార్. ఎవరు రాశారు?”

“నేనే,” అన్నారు. అన్నాక కళ్లజోడు తుడవలేదు.

సుంకులమ్మకు చెప్పడానికి వెళ్లాను. చెప్పాను. ఆమె బిందె మీద మిగిలిన గ్లాసులు తీసి ఒక్కొక్కటే తుడవసాగింది, ఊరికి పోయేవాళ్లు సామాను సర్దినట్టు. అప్పటికి జట్టు వచ్చి ఉంది, గది నిండా మనుషులున్నారు, అందరూ గ్లాసులతోనే ఉన్నారు. నా కడుపులో ఆమె పోసిన రెండు గ్లాసులు ఉన్నాయి. అవి తమ మాట తాము చెప్పడం మొదలుపెట్టాయి. లేచాను. ఇంటికి బయలుదేరబోయాను.

గడప దగ్గర ఆగాను.

“పెద్దమ్మా, బాత్రూము ఎక్కడ?”

గదిలో గ్లాసుల చప్పుడు ఆగింది. ఒక తవ్వేవాడి నోట్లో అంబలి అలాగే ఉండిపోయింది. పుట్టి బుద్ధెరిగాక ఆ ప్రశ్న పరాయి ఇంట్లో అడిగినవాళ్లను వాళ్లెవరూ చూసి ఉండరు. నేనూ చూడలేదు.

సుంకులమ్మ నన్ను ఎగాదిగా చూసింది. “ఏమే, ఒంట్లో బాగలేదా? ఇంటికి పట్టకపోవా?”

“ఇంటికెందుకు? ఇవి నీ నీళ్లే కదా.”

ఆమె సూది పట్టుకున్న చేత్తోనే వెనక తలుపు చూపించింది. పోయాను. బయట ఆమె మీటరు టిక్కుమంది. గదిలోకి వచ్చేసరికి అందరి చూపూ ఆ వెనక తలుపు మీదే ఉంది. చెంబెత్తి తాగే మనిషి ఒకడున్నాడని చెప్పానే, అతను గొంతు సవరించుకున్నాడు.

“అక్కా... ఆ తరవాత నేను.”

“సిగ్గులేదురా?”

“పదేండ్ల నుంచి తాగుతాండా. సిగ్గు అప్పుడు పడాల్సింది.”

ఆ పూట నుంచి లైను మొదలైంది. మొదట జట్లు. తర్వాత వాళ్ల ఇళ్లవాళ్లు. ఎప్పుడో తాగినవాళ్లు కూడా ఇంట్లో నీళ్లు తాగి, కడుపు పట్టుకుని గేటుదాకా నడిచి వచ్చారు. చీలమండ మామ కర్ర ఊతంగా వచ్చాడు. ఈసారి పరుగెత్తకుండా. ఒక తల్లి బడిపిల్లను తెచ్చి, “ఈ ఒక్క ఇంట్లో పోవచ్చు,” అని కొత్త నీతి చెప్పింది. సుంకులమ్మ మొదట నవ్వింది, తర్వాత విసుక్కుంది, చివరికి చీపురు పట్టుకుని వెనక తలుపు దగ్గర కాపలా కూర్చుంది. “సరిగ్గా పోయండి! నాకు మాట్లేసే పని ఉంది, మీ దొడ్డి కడిగే పని లేదు!”

లెక్కింపు చివరి పూట లైను చివర ఓబుళపతి గారు కనిపించారు. ఇస్త్రీ చొక్కా, చేతిలో చిరగని సూటు.

“నిబంధనలన్నీ వెతికాను,” అన్నారు నాతో, ఎవరూ అడక్కుండానే. “పరాయి ఇంట పోయరాదని ఎక్కడా లేదు.”

“మీ ఇంటి పలక పోతుంది సార్.”

“లైను కదులుతోంది, ముందుకు నడువు,” అన్నారు.

నమోదు 8

సుంకులమ్మ దక్షత: అరవై రెండు. సీసం బిళ్ల తిరిగి ఆఫీసు సొరుగులోకి వెళ్లింది. ఓబుళపతి గారి ఇల్లు: తొంభై ఒకటి. పలకను ఆయనే మేకులు ఊడదీసి తెచ్చి, నా బల్ల మీద కాగితాలు ఎగరకుండా పెట్టారు.

ఎర్రదీపం పోయి పసుపు వెలిగింది. గుమ్మం ముందు అందరం చప్పట్లు కొట్టాం. సుంకులమ్మ బీట్‌రూట్ అంబలి పోసింది. అది ఇప్పుడు ఊళ్లో అలవాటైపోయింది. డాక్టర్ ఫిలోమినా దవాఖానా గోడ మీద దాని గురించి నోటీసు అంటించింది.

మర్నాడు తవ్వేవాళ్ల జట్టు ఎంతసేపటికీ రాలేదు. గేటు దగ్గర మేం నిలబడి గాజులోంచి చూస్తున్నాం. బయట దుమ్ము లేచింది. సుంకులమ్మ గ్లాసులు నింపి పెట్టుకుని కూర్చుంది, నింపినవి మళ్లీ బిందెలో పోసింది, మళ్లీ నింపింది. చివరికి వచ్చారు. గడపలో కూలబడి తాగి, తాగాక తిట్టారు.

“నీ దీపమేదక్కా? గేటు దాటి అవతలికి పోయినాం. మళ్లా గోడ పట్టుకొని వచ్చినాం.”

సూటు తొడుక్కుని గేటు బయటికి వెళ్లి చూశాను. దుమ్ము గంధం రంగు. దీపం పసుపు. రెండూ ఒకదాంట్లో ఒకటి కలిసిపోయాయి. కొండంత ఆనందంతో మేం చప్పట్లు కొట్టిన దీపం పది అడుగుల దూరం నుంచి చూస్తే లేదు.

“నా ఎర్రదీపం నాకియ్యండి,” అంది సుంకులమ్మ.

“పెద్దమ్మా, అరవై రెండుకు ఎరుపు ఇవ్వడానికి రూలు ఒప్పుకోదు.”

“అయితే ఈతూరి నిజంగానే పారబోస్తా. ఎంత పారబోయల్లో సెప్పు.”

ఈ మాట ఉన్నదున్నట్టు సభకు పంపించాను. సభ ఏం చేసిందంటే, ఇళ్ల గుమ్మాల మీది దీపాలన్నీ తీసేయమంది. మీటర్లు ఉంటాయి, ఎక్కడ కారుతోందో తెలియాలి కదా. నూరు దాటితే దాటినంత రాస్తాం. కానీ ఊరికి ఒక్కటే అంకె, చౌకులో పెద్దగా: తొంభై నాలుగు. దాన్ని తొంభై ఐదు చేయాలని ఊరంతా ఇప్పుడు ఒకరి గొట్టాలు ఒకరు చూసుకుంటున్నారు. ఆ ఆరు ఎక్కడ పోతున్నాయో నాకు ఇంకా తెలియదు. నిద్రపట్టడం లేదు. ఆరో వరసలో ఎవరో రహస్యంగా వంకాయ పెంచుతున్నారని నా అనుమానం.

ఇవాళ సాయంత్రం జిలాన్ నిచ్చెన ఎక్కి సుంకులమ్మ గుమ్మం మీద ఎర్రగాజు బిగించాడు. నేను నిచ్చెన పట్టుకున్నాను.

“మేడం, కాగితంలో దీన్ని ఏమని రాయాలి?”

“ఏం రాయకు. దీపం అని రాయి.”

వెలిగింది. కాసేపటికి గాజు అవతల దుమ్ములో నీడలు కదిలాయి. ముందు నడిచే నీడ చెయ్యెత్తి మా వైపు చూపించింది. వెనకవాళ్లు నడక పెంచారు. లోపల గ్లాసులు పేర్చుతున్న చప్పుడు.

నిచ్చెన మడిచి, నేనూ వెళ్లి లైన్లో నిలబడ్డాను. ఈ ఇంట్లో ఇప్పుడు రెండు లైన్లు ఉంటాయి. నేను ఏ లైన్లో నిలబడ్డానో మార్గదర్శిక అడగలేదు.